వేలూరికి పోయినాడు

చెంగల్రాయుడు ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బుల్డోజరు దగ్గరికి పోవాలి. ఎనిమిదికల్లా అది వేడెక్కి గుర్రుమంటూ నిలబడి ఉండాలి. తొమ్మిదింటికి కాంట్రాక్టరు జానకిరామన్ వేలూరు నుంచి వచ్చి, చూసి, తల ఊపాలి. యాభై ఆరేళ్లలో తను వేసుకున్న పథకాలేవీ తొమ్మిది గంటల దాకా బతికిన దాఖలా లేదని అతనికి తెలుసు. అయినా వేసుకున్నాడు. పొద్దున లేచిన మనిషి ఏదో ఒకటి వేసుకోవాలి కదా.

జానకిరామన్ తల ఊపితే ఆర్కాడు దారిలో ఆరు నెలల పని, రాళ్ల మెట్టను చదును చేయడం. ఊపకపోతే బుల్డోజరు పాత ఇనుము కింద పోతుంది. అది నిలబడి ఉన్న జాగా బావమరిది లోగనాథన్‌ది. గుడియాత్తంలో లుంగీ మగ్గాలు నడిపే లోగనాథన్ అక్కడ కొత్త షెడ్డు వేయాలని మూడు పక్కలా గోడ లేపేశాడు. "ఈ తడవ పని దొరికితే బండి తోలుకొని పో బావా. దొరక్కపోతే పాత ఇనుము యోసేపును పిలుస్తా, కోసి ఎత్తుకొని పోతాడు" అని వారం కిందటే మర్యాదగా చెప్పాడు. లోగనాథన్ ఏ చెడ్డ మాటైనా మర్యాదగానే చెబుతాడు. అదే అతనిలో చెడ్డ గుణం.

ఆ బుల్డోజరు చెంగల్రాయుడి కంటే వయసులో పెద్దది. అతను ఎనిమిదో తరగతి ఎగ్గొట్టి దాని మీద క్లీనరుగా ఎక్కాడు. తరువాత డ్రైవరయ్యాడు. చివరికి దాన్ని ఎవరూ కొనని రోజుల్లో తనే కొనుక్కున్నాడు. దానికి తాళంచెవి తిప్పితే లేచే అలవాటు లేదు. పెద్ద డీజిల్ ఇంజన్ పక్కన పెట్రోలుతో నడిచే చిన్న ఇంజన్ ఒకటి ఉంటుంది. తాడు చుట్టి లాగితే చిన్నది లేస్తుంది. చిన్నది ఐదు నిమిషాలు ఆడి, తన వేడితో పెద్దదాన్ని కాచి, తిప్పి, దాన్ని లేపుతుంది. ఐదంటే ఐదు. నాలుగున్నరకు లేవమంటే పెద్దది ఒకసారి దగ్గి మళ్లీ పడుకుంటుంది.

ముప్పై ఎనిమిదేళ్లు ఆ రెండు ఇంజన్ల నడుమ కూర్చున్నందుకు అతనికి మిగిలింది రెండు చెవుల్లోనూ ఒక రొద. ఆ సంగతి అతను ఒప్పుకోడు. ఈ మధ్య జనాలే నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని అతని ఫిర్యాదు.

ఆ ఉదయం కుప్పమ్మ నాలుగో ఇడ్లీ వేయబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టి "పోదుం" అన్నాడు.

కుప్పమ్మ గిన్నె కింద పెట్టి కొంగు సర్దుకుంది. "యాడికి?"

"యాడికీ లేదు. కడుపు నిండింది అంటా ఉండా."

ఆ ఇంట్లో ఈ తంటా ఇవాళ్టిది కాదు. తమిళంలో 'పోదుం' అంటే చాలు. వాళ్ల ఇంటి తెలుగులో 'పోదుం' అంటే పోదాం పద. రెండు భాషలూ ఒకే నోట్లో నానే ఇళ్లలో ఏ పోదుం ఏదో అన్నవాడి మొహం చూసి తెలుసుకోవాలి. మూడు వందల ఏళ్లుగా తమిళనాట వాళ్లు అలాగే మొహాలు చూసుకుంటూ బతుకుతున్నారు.

"బొట్టు మాత్రం చెరపొద్దయ్యా" అంది కుప్పమ్మ గుమ్మం దగ్గర. "వారం దినాలు ఉండాలని మొక్కుకొని ఉండా. ఆ బొట్టుతోనే ఈ పని దొరకాల."

మొన్న ఆయుధ పూజకు ఆమె ఎప్పటిలా కుంకుమతో సరిపెట్టలేదు. గంధపు చెక్క అరగదీసి, పసుపు కలిపి, ముద్దలు ముద్దలుగా పెట్టింది. బ్లేడుకు మూడు, రేడియేటరుకు ఐదు, సీటుకు ఒకటి. చిన్న ఇంజనుకు మొహం ఎక్కడుందో తెలియక కాసేపు వెతికి, గుండ్రంగా మొహంలా కనిపించిన పెట్రోలు ట్యాంకు మూత నడిబొడ్డున పెద్ద ముద్ద ఒకటి అద్దింది. అది ఎండి సిమెంటులా బిగుసుకుంది.

ఏడుంబావుకు చెంగల్రాయుడు తాడు చుట్టి లాగాడు. చిన్న ఇంజన్ మొదటి లాగుకే లేచింది. అతని ప్రాణం కూడా లేచింది. నాలుగు నిమిషాలు నిక్షేపంగా ఆడి, అది టక్కుమని ఆగిపోయింది.

పెట్రోలు అయిపోయిందేమోనని మూత తిప్పాడు. భార్య మొక్కు గుర్తుండబట్టి, బొట్టు చెరగకుండా మూతను అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, పాలగిన్నె మూత తీసినంత పదిలంగా తీశాడు. పుల్ల ముంచి చూశాడు. పెట్రోలు నిండా ఉంది. అంతే పదిలంగా మూత పెట్టి మళ్లీ లాగాడు. మళ్లీ మొదటి లాగుకే లేచింది. మళ్లీ నాలుగు నిమిషాలు. మళ్లీ టక్.

అలా ఐదుసార్లు. ప్రతిసారీ మూత తీసి చూడడం, పెట్రోలు ఉండడం, మూత పెట్టగానే లేవడం, నాలుగు నిమిషాలకు చావడం. ప్లగ్గు తుడిచాడు. కార్బొరేటర్ విప్పి ఊదాడు. చివరికి తన అనుభవమంతా కూడగట్టుకుని తేల్చేశాడు: ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే మాగ్నెటో వేడెక్కగానే చచ్చిపోతోంది. దాన్ని విప్పి పాత లుంగీలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"కుప్పా, దీన్ని మెకానిక్ దేవేంద్రన్‌కు చూపించుకొని వస్తా. జానకిరామన్ వస్తే కూర్చోబెట్టు. వేలూరికి పోయినాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు అని చెప్పు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుడియాత్తంలో ఎవరైనా చీర కొనడానికి వేలూరికి పోతే 'చీర కొనడానికి' అని చేర్చి చెప్పాలి. కోర్టు పనికి పోతే కోర్టు మాట చేర్చాలి. ఏమీ చేర్చకుండా 'వేలూరికి పోయినాడు' అంటే ఒకటే అర్థం. వినేవాడు 'అయ్యో' అని, 'ఏ వార్డు?' అని అడుగుతాడు. కుప్పమ్మకు మాత్రం పెళ్లయిన నాటి నుంచీ వేలూరంటే మాగ్నెటోలు, పిస్టన్లు, గాస్కెట్లు. అంత పెద్ద ఆసుపత్రి అక్కడుందన్న సంగతి ఆమెకు గుర్తురాదు.

జానకిరామన్ తొమ్మిదికి సరిగ్గా వచ్చాడు. లావుపాటి మనిషి, కిందటేడే గుండెకు ఆపరేషన్ అయినవాడు. తను లేని సమయంలో జరిగిన సంభాషణను చెంగల్రాయుడు తరువాత ముక్కలు ముక్కలుగా విని కూర్చుకున్నాడు.

"వేలూరికి పోయినాడన్నా" అంది కుప్పమ్మ.

జానకిరామన్ మొహం మారింది. "అయ్యో. ఎప్పటినుంచి?"

"పొద్దున ఏడు నుంచి ఇదే పాట. నాలుగు నిమిషాలు బాగానే కొట్టుకుంటాది, టక్కుమని నిలిచిపోతాది."

"నిలిచిపోతాదా?" జానకిరామన్ చెయ్యి దానంతటదే తన చొక్కా జేబు మీదికి పోయింది. "మళ్లా?"

"మళ్లా ఒక లాగు లాగితే కొట్టుకుంటాది. ఐదు తడవలు అయిందన్నా. పాతది కదా, ఎన్నేండ్లని పని చేస్తాది!"

"తోడు ఎవురు పోయినారమ్మా?"

"తోడెందుకు? లుంగీలో చుట్టుకొని బస్సెక్కినాడు."

కుప్పమ్మ ఇది చెబుతూ కూరకు వంకాయలు తరుగుతోంది. ఆ ధైర్యం చూసి జానకిరామన్‌కు కళ్లు చెమర్చాయి. కాఫీ కూడా తాగకుండా లేచి, వీధి మలుపు దగ్గర నిలబడి లోగనాథన్‌కు ఫోన్ చేశాడు. "మీ బావకు గుండె. ఐదు తడవలు నిలిచిపోయిందంట. పాపం, మీ అక్క ఏడ్చేదానికి కూడా శక్తి లేక వంకాయలు కోస్తా ఉండాది."

లోగనాథన్ మంచివాడే. రెండు నిమిషాలు నిజంగా బాధపడ్డాడు. బావకు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. బస్సులో చెంగల్రాయుడి జేబులో ఆ ఫోన్ పదకొండుసార్లూ మోగింది. పక్కన కూర్చున్న ఆమె "అన్నా, ఫోను" అని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి చెప్పకుండా సీటు మారింది. చెంగల్రాయుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ బస్సుకు కూడా గేరుబాక్సు పోయే కాలం వచ్చిందని అనుకున్నాడు. బావ ఎత్తలేదు కాబట్టి ఎత్తే స్థితిలో లేడని లోగనాథన్ నిశ్చయించుకున్నాడు. కళ్లు తుడుచుకుని యోసేపుకు ఫోన్ చేశాడు.

వేలూరులో, కోట వెనక సందులో, దేవేంద్రన్ మాగ్నెటోను బల్లకు బిగించి గంటసేపు తిప్పాడు. కాలిపోయేంత వేడెక్కినా నీలం నిప్పురవ్వ తప్పలేదు.

"దీనికి ఏ రోగమూ లేదప్పా" అన్నాడు. "నా ఒంటి కంటే బాగుండాది. ఎత్తుకొని పో."

"సరిగ్గా చూడు నాయనా. నాలుగు నిమిషాలకు నిలిచిపోతా ఉండాది."

"నేను గంట తిప్పినా, నిలవలేదు. రోగం ఇంకొక చోట ఉండాది. పెట్రోలు మూత తీసేటప్పుడు ఏమన్నా సద్దు వస్తా ఉండాదా?"

చెంగల్రాయుడికి 'ఏమన్నా' ఒక్కటే వినిపించింది. "ఏమీ అనుకోలేదులే" అని చెప్పి బయటికి వచ్చేశాడు.

ఒంటిగంటన్నరకు షేర్ ఆటో దిగేసరికి జాగా నిండా జనం ఉన్నారు. మగ్గాల వాళ్లు ఉన్నారు. కుప్పమ్మ పెదనాన్న కూతుర్లు ఉన్నారు. పదేళ్లుగా మాటల్లేని పాలివాళ్లు కూడా ఉన్నారు. అందరి చేతుల్లోనూ సాత్తుకుడి, అంటే బత్తాయి పండ్ల సంచులు. చెంగల్రాయుడికి మొదట తట్టిన ఆలోచన కుప్పమ్మకు ఏదో అయిందని. కుప్పమ్మ మాత్రం అందరికీ మజ్జిగ పోస్తూ, వీళ్లంతా ఎందుకొచ్చారో అర్థంగాక నిలబడి ఉంది.

"లేచి వచ్చేసినాడే!" అని ఎవరో అరిచారు. నలుగురు పరిగెత్తుకొచ్చి చంకలోని మూటను లాక్కున్నారు. "బరువు మొయ్యొచ్చునా బావా? కడవుళే, దేవుడా, నడిచి వచ్చినావా?" అంటూ లోగనాథన్ అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూలేశాడు.

"నాకేమైందిరా?"

"ఏమీ కాలేదు బావా. నీకేమీ కాలేదు" అన్నాడు లోగనాథన్, చావు దగ్గరికొచ్చిన వాళ్లతో మాట్లాడే గొంతుతో.

"నేను మాగ్నెటో చూపించేదానికి పోయినాన్రా!"

"సరి సరి. ఆవేశపడొద్దు. నిలిచిపోతాది."

ఎంత గట్టిగా చెబితే అంత మెల్లగా కొంగులతో, తువ్వాళ్లతో విసిరారు. తన ముప్పై ఎనిమిదేళ్ల చాకిరీలో తిన్నావా అని అడగని వాళ్లు ఇవాళ తినకూడనివి ఏమిటో చెబుతున్నారు. ఒకామె అతని పాదాలు నొక్కుతూ ఏడుస్తోంది. ఆమె ఎవరో అతనికి జ్ఞాపకం రాలేదు. బుల్డోజరు అవతల పక్క యోసేపు టేపు పట్టుకుని చక్రాల చైను పొడవు కొలుస్తున్నాడు. గ్యాస్ కటింగ్ సిలిండర్లు రెండు బండిలోంచి దించి ఉన్నాయి. కొలిచేది తనను కాదు కదా అని చెంగల్రాయుడు ఒక క్షణం సందేహించాడు. అంత జనంలో అతనితో అబద్ధం చెప్పనివాడు ఆ యోసేపు ఒక్కడే.

జానకిరామన్ కూడా ఓ వార అరటిపండ్లతో నిలబడి ఉన్నాడు. చెంగల్రాయుడు లేచి, విసురుతున్న చేతుల్ని తోసుకుని అతని ముందు నిలబడ్డాడు.

"అన్నా, నా గుండెను విడిచిపెట్టు. నా బండిని ఒక్క తడవ చూడు. లేవకపోతే యోసేపు కోసుకోనీ. నేనే పట్టుకొని కోయిస్తా."

ఆఖరి కోరిక కాదనడం జానకిరామన్ వల్ల కాలేదు. మాగ్నెటో బిగించారు. తాడు మాత్రం చెంగల్రాయుడిని లాగనివ్వలేదు. ఎవరు లాగాలో తేలక జనం మొహాలు చూసుకుంటుంటే, కుప్పమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, ఒక్క లాగు లాగింది. చిన్న ఇంజన్ లేచింది.

జనమంతా ఒక కన్ను ఇంజన్ మీద, ఒక కన్ను చెంగల్రాయుడి ఛాతీ మీద పెట్టుకుని నిలబడ్డారు. ఒకటి. రెండు. మూడు. నాలుగో నిమిషంలో ఇంజన్ టక్కుమంది. ఏడుస్తున్న ఆమె అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

లోగనాథన్ మర్యాదగా తల దించుకున్నాడు. "యోసేపూ, ఇంక చూడప్పా."

చెంగల్రాయుడు వెళ్లి చైను మీద కూర్చున్నాడు. అతని చెయ్యి బుల్డోజరు పక్క రేకు మీద ఉంది. పెయింటు పోయిన చోటల్లా అతని అరచేతి గుర్తే.

"కొంచెం ఉండన్నా" అంది కుప్పమ్మ యోసేపుతో. "బొట్టుతో ఉండేదాన్ని కోయొద్దు. దోషం." మొక్కు ఫలించలేదు, ఇంక దాచుకోవడానికి ఏముంది. ఆమె మజ్జిగ చెంబులో కొంగు తడిపి, ముందు చిన్న ఇంజను దగ్గరికి వచ్చి మూత మీద బొట్టు రుద్దింది. పోలేదు. తల్లోంచి పిన్ను తీసి గీకింది. ఎండిన గంధం పెచ్చు లేచింది. కింద సూదిమొన అంత బెజ్జం కనిపించింది.

ఆ బెజ్జంలోంచి 'స్స్‌స్' మని లోపలికి గాలి పోయింది.

"ఏమయ్యా!" అంది కుప్పమ్మ బెదిరిపోయి. "ఇది ఊపిరి పీలుస్తా ఉండాది!"

"ఏంది?"

"ఊ-పి-రి!"

చెంగల్రాయుడు లేచి చూశాడు. బెజ్జం చూశాడు, పెచ్చు చూశాడు, భార్యను చూశాడు. ట్యాంకులోకి గాలి పోయే ఏకైక దారి అది. అది మూసుకుంటే నాలుగు నిమిషాలకు పెట్రోలు దిగడం మానేస్తుంది. మూత తెరిచినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది, మళ్లీ నాలుగు నిమిషాలకు సరిపడా పెట్రోలు దిగుతుంది. ఉదయం నుంచి మూత తీసిన ప్రతిసారీ ఆ 'స్స్' వినిపించే ఉండాలి. ఇంజన్ ఆగిపోయిన నిశ్శబ్దంలో, చెవి పక్కనే. చిన్నపిల్లవాడికి కూడా వినిపించేంత పెద్దగా.

అతను ఆ సంగతి పైకి అనలేదు. "గంధం పెట్టేదానికి వేరే చోటే దొరకలేదా నీకు?" అని మాత్రం అరిచాడు.

కుప్పమ్మ మళ్లీ లాగింది. నాలుగు నిమిషాలు దాటాయి. ఐదు దాటాయి. చెంగల్రాయుడు సీటెక్కి లివరు వేశాడు. పెద్ద ఇంజన్ ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, పండ్ల సంచులన్నిటి మీదికీ నల్లటి పొగ కక్కి లేచి నిలబడింది. యోసేపు టేపు చుట్టుకున్నాడు. ఏడుస్తున్న ఆమె కూడా ఆపి చూసింది.

"పదడుగులు ముందరికి తోలి చూపించు, చాలు" అని జానకిరామన్ చేత్తో సైగ చేశాడు.

చెంగల్రాయుడు తోలాడు. బ్లేడు ఎత్తాడు, దించాడు. పదడుగులు అయ్యాయి. ఎదురుగా, వారం కిందట పూత పూసిన కొత్త గోడ ముందు లోగనాథన్ నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ అరుస్తున్నాడు. దుమ్ములో మొహం కనిపించడం లేదు. పెదాలు మాత్రం తెలుస్తున్నాయి.

"పోదుం బావా! పోదుం! పోదుం!"

ఈ బావమరిది ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా తనతో 'పోదాం' అన్నాడా? కాటికి పోయేవాడికి చూపే జాలి కాదిది. పోదుం బావా అంటున్నాడు. ఇద్దరం పోదాం అంటున్నాడు. చెంగల్రాయుడు కళ్లు మూసుకుని, చాలా ఏళ్ల తరువాత నవ్వి, లివరు ముందుకు తోశాడు.

లోగనాథన్ పక్కకు దూకాడు. గోడకు దూకే అలవాటు లేదు.

దుమ్ము దిగాక అందరూ చూసింది ఇది: గోడ లేదు, బుల్డోజరు దాని అవతల చెక్కు చెదరకుండా గుర్రుమంటోంది, సీట్లో చెంగల్రాయుడు కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"వచ్చేసింది" అన్నాడు జానకిరామన్ గుసగుసగా. "ఆరో తడవ. నాకూ అట్లనే కండ్లు మూతలు పడినాయి."

ఆరుగురు ఎక్కి చెంగల్రాయుడిని దించి నేల మీద పడుకోబెట్టారు. నోట్లో సాత్తుకుడి రసం పిండారు. అతను చెప్పిందంతా ఆ రసంలో కలిసిపోయింది.

సాయంత్రం జానకిరామన్ తేల్చి చెప్పాడు. బండి భేషు. గోడను అట్ల తోసిన బండిని ఇంతవరకూ చూడలేదు, రేపటి నుంచే పనికి పెడతాడు. నడపడానికి తన దగ్గర గుణశేఖర్ ఉన్నాడు. చిన్న ఇంజన్ లేపడానికి, బెజ్జం చూసుకోవడానికి కుప్పమ్మ రావాలి. "నువ్వు మాత్రం సీటెక్కొద్దప్పా. వేలూరికి పోయి, మంచిగా ఉండావని డాక్టరు దగ్గర కాగితం రాయించుకొని రా. కాగితం తెచ్చిన రోజే సీటు నీది."

"నాకు గుండె జబ్బు లేదన్నా."

"అదే రాయించుకొని రా అంటా ఉండా."

లోగనాథన్ గోడ ఊసెత్తలేదు. రోగి ముందు అలాంటివి ఎత్తకూడదు. అది కూడా మర్యాదగానే.

మరుసటి ఉదయం కుప్పమ్మ తలలో రెండు పిన్నులు పెట్టుకుని పనికి పోయింది. చెంగల్రాయుడు వేలూరికి పోయాడు. దారిలో నలుగురు అడిగారు. నలుగురికీ 'వేలూరికి' అనే చెప్పాడు. ఈసారి చేర్చడానికి ఏమీ లేదు.

డాక్టరు పేరు జెసింత. అతన్ని పడుకోబెట్టి ఛాతీకి వైర్లు అంటించింది. చక్రాల బల్ల మీద మిషను కాగితం కక్కుతూ పోయింది. చెంగల్రాయుడు గోడ గడియారాన్నే చూస్తున్నాడు. నాలుగు నిమిషాలు దాటాయి. ఐదు దాటాయి. ఏదీ ఆగలేదు. సీటు తనదే.

జెసింత కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "పోదుం."

చెంగల్రాయుడు లేచి బయల్దేరాడు. వైర్లు, వైర్ల వెనక మిషను, మిషను కింద చక్రాల బల్ల, అన్నీ తలుపు దాకా అతని వెంట వచ్చాయి. వెనక నుంచి డాక్టరు మూడుసార్లు పిలిచిందని తరువాత నర్సు చెప్పింది. నర్సు కూడా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

జెసింత అతన్ని మళ్లీ కూర్చోబెట్టి, ఈసారి చెవిలో లైటు వేసి చూసింది. సాయంత్రానికి కాగితం చేతికిచ్చింది. గుండె దివ్యంగా ఉందని అందులో ఒక వరుస ఉంది. మిగతా పేజీ అంతా చెవుల గురించి.